ఏడుపు రాని పెళ్ళికూతురి తల్లి

మా పుట్టింటి ఆడవాళ్ళకు ఏడుపులో మంచి పేరుంది. ఇది గొప్ప కోసం చెప్పుకుంటున్నది కాదు, నర్సీపట్నం చుట్టుపక్కల ఏ పెద్దావిడనడిగినా చెబుతుంది. నా పెళ్ళి అప్పగింతల్లో మా అమ్మ ఏడ్చిన ఏడుపుకి సన్నాయి ఆయన వాయించడం ఆపేసి, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడట. మా అమ్మమ్మ అయితే పెళ్ళికూతురెవరో సరిగ్గా తెలియని పెళ్ళిళ్ళలో కూడా ఏడ్చేది. భోజనానికని వెళ్ళి, అప్పగింతల దాకా ఉండి, తనివితీరా ఏడ్చి, ముక్కు చీదుకుని, తాంబూలం పుచ్చుకుని వచ్చేది. అలాంటి వంశంలో పుట్టిన నాకు, ఉన్న ఒక్కగానొక్క కూతురి పెళ్ళి కుదిరేసరికి ఏడుపు రాకుండా పోయింది. మందు బిళ్ళ వల్ల.

కొన్నేళ్ళ క్రితం నాకు దిగులు జబ్బు చేసింది. కారణమేమిటని అందరూ అడుగుతారు. కారణం కనబడితే నేనే ముందు చీపురు పట్టుకుని తరిమేదాన్ని కదా! ఇల్లు బాగానే ఉంది. మా ఆయన ఎరువుల కొట్టు బాగానే నడుస్తోంది. గురక ఒక్కటి మినహాయిస్తే ఆయనా మంచివాడే. అయినా నాకు పొద్దున్న లేవబుద్ధయ్యేది కాదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనిలా కనిపించేది. బెండకాయలు తరుగుతూ ఏడ్చేదాన్ని. ఉల్లిపాయలైతే సాకు ఉంటుంది, బెండకాయలకు ఏం సాకు చెప్పను? సాయంత్రమయ్యేసరికి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మా ఆయన గుమ్మంలో నిలబడి, "టీ ఎట్టనా?" అని అడిగేవాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. పైగా ఆ టీ బాగుండేది కాదు.

చివరికి విశాఖపట్నంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గా విని, ఇది జబ్బేనని, మందుంటుందని, నెమ్మదిగా పనిచేస్తుందని చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. బస్సులో నర్సీపట్నం తిరిగి వస్తుంటే మా ఇద్దరికీ అసలు దిగులు పట్టుకుంది. ఊళ్ళో ఏం చెప్పాలి? డాక్టరు దగ్గరకు విశాఖపట్నం దాకా వెళ్ళారంటే ఏమిటి, ఎందుకు, ఎవరికి అని పది నోళ్ళు అడుగుతాయి. అనకాపల్లి దాటాక మా ఆయన బాగా ఆలోచించి, "మోకాలి నొప్పని సెప్పీద్దాం" అన్నాడు. నాకూ అది దివ్యంగా తోచింది.

ఆ మోకాలు నన్ను పెట్టిన బాధ జబ్బు కూడా పెట్టలేదు. వీధిలోకి వెళ్ళినప్పుడల్లా కుంటాలి. కూరగాయలు బేరమాడుతూ మర్చిపోయి మామూలుగా నడిచేసి, ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురైతే ఠక్కున కుంటడం మొదలుపెట్టాలి. ఏ కాలో గుర్తుండేది కాదు. దానికితోడు కొట్టుకు వచ్చే రైతులంతా నా మోకాలి మీద జాలి పడ్డారు. ఒకాయన నాతవరం నుంచి ఆముదం తెచ్చాడు. ఏజెన్సీ కొండల నుంచి విత్తనాలకు వచ్చే ఒక ముసలావిడ ఏవో ఆకులు నూరి, ముద్ద చేసి, ఆరిపోకుండా అడ్డాకులో చుట్టి మరీ ఇచ్చింది. అంత అభిమానంగా ఇచ్చినది పారేయలేక మా ఆయన తన మోకాలికి రాసుకున్నాడు. ఆయనకు నిజంగానే నొప్పి ఉండేది, తగ్గింది కూడా.

బిళ్ళలు మొదలుపెట్టిన కొత్తలో కడుపులో తిప్పేది, ఆవులింతలు వచ్చేవి, ఇంకేమీ జరగలేదు. నాకు కోపం వచ్చింది. తలనొప్పి బిళ్ళ వేసుకుంటే గంటలో తగ్గుతుంది కదా, దీనికేం రోగం అనుకున్నాను. తర్వాత ఒకరోజు అన్నం తింటూ పప్పులో ఉప్పు తక్కువైందని తెలుసుకున్నాను. నెలల తరబడి నోట్లో ఏం పెట్టుకున్నా గడ్డిలా ఉన్న మనిషికి ఉప్పు తక్కువైందని తెలియడం ఎంత గొప్ప సంగతో చెప్పలేను. లేచి వెళ్ళి ఉప్పు వేసుకుని, మళ్ళీ వడ్డించుకుని తిన్నాను. ఆ వారమే తలకు నూనె రాసుకున్నాను. పక్కింటావిడతో నీళ్ళ దగ్గర గొడవ కూడా పెట్టుకున్నాను, గెలిచాను.

అయితే దిగులు వెళుతూ వెళుతూ ఇంకొన్నింటిని కూడా వెంటబెట్టుకుపోయింది. మొదట్లో నేను గమనించలేదు. సంతోషం వచ్చేది గానీ, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయే చుట్టంలా ఉండేది. కోపమూ అంతే. మా ఆయన ఉతికిన దుప్పటి మీద కాఫీ ఒలకబోస్తే, "పోనీలెండి" అన్నాను. ఆయన భయపడి ఆ దుప్పటి తనే ఉతికాడు. ఇక ఏడుపైతే బొత్తిగా లేదు.

అది మొదట పట్టుకున్నది మా వదిన. వదినంటే మా ఆయనకు అక్క, మాకవరపాలెంలో ఉంటుంది. నెలకు నాలుగుసార్లు మా ఇంటికి వచ్చి నాకు ఏమేం చేతకావో చెప్పి వెళుతుంది. మనసు మంచిది, నోరే లౌడ్ స్పీకరు. ఒక మధ్యాహ్నం ఇద్దరం టీవీ సీరియల్ చూస్తున్నాం. నిండు చూలాలైన కోడల్ని అత్త వానలో బయటికి గెంటేసింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను ఆ కోడలి జాకెట్టు చేతుల కుట్టు ఎంత బాగుందో, మా టైలరుకు చూపిస్తే కుడతాడా అని ఆలోచిస్తున్నాను.

వదిన ఏడుపాపి నా మొహంలోకి చూసింది. "నీ గుండె బండయిపోనాదేటే? కడుపుతో ఉన్న పిల్లని గెంటెత్తంటే నీకు సుక్క నీరు రాదేటి?"

"మోకాలి నొప్పి వదినా" అన్నాను. ఏం చెప్పాలో తోచక వచ్చిన మాట అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అది ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అబ్బాయిది యలమంచిలి, బ్యాంకు ఉద్యోగం, ఒద్దికైనవాడు. నిజానికి యలమంచిలి ఎంత దూరం గనక! పొద్దున్న బయలుదేరితే కాఫీ వేళకు చేరొచ్చు. కూతురు యలమంచిలి వెళ్ళిపోతోందని ఏడవడం మనిషన్నవాళ్ళు చేసే పనేనా అని మా ఆయన అన్నాడు. ఆ మాట విన్న వదిన తమ్ముడి మీద విరుచుకుపడింది.

"దూరమెంతయితే ఏటిరా? అప్పగింతలు అప్పగింతలే! దీని యమ్మ ఏడుపు మా ఊర్లో ఇప్పటికీ సెప్పుకుంటారు. ఇది బొమ్మలాగ నిలబడితే వియ్యాలవోరు ఏటనుకుంటారు? పీడ ఒదిలిందని పంపీసినారనుకోరా?"

వియ్యాలవారు ఏమనుకుంటే నాకేం గానీ, మా అమ్మాయి ఏమనుకుంటుందన్నది నా గుండెలో ముల్లులా దిగింది. అందరి తల్లులూ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, దాని తల్లి పెళ్ళికి వచ్చిన ఫోటో స్టూడియో ఆవిడలా నిలబడి ఉంటే, అది కారెక్కి ఏమనుకుంటూ వెళుతుంది? మా అమ్మకు నా మీద బెంగే లేదు అనుకోదూ? అది అలా అనుకుంటూ ఒక కొత్త ఇంట్లో అడుగుపెట్టడం నేను భరించలేను. అందుకని ఎలాగైనా ఏడుపు సంపాదించాలని నిశ్చయించుకున్నాను.

ముందు ఉల్లిపాయలతో మొదలుపెట్టాను. ఎర్ర ఉల్లిపాయలు కోసి కళ్ళ దగ్గర పెట్టుకుంటే కన్ను ఒక్కటే కారింది, రెండోది శుభ్రంగా చూస్తూ ఊరుకుంది. ఆ రోజు ఇంట్లో అందరికీ ఉల్లిపాయ పులుసే. తర్వాత అద్దం ముందు కూర్చుని బాధాకరమైన విషయాలు తలుచుకున్నాను. మా అమ్మ పోయిన రోజు, మా చిన్నప్పటి గేదె పోయిన రోజు, పదో తరగతి లెక్కల పరీక్ష, ఒకదాని తర్వాత ఒకటి వరసగా తలుచుకున్నాను. మా అమ్మ గుర్తొస్తే ఆవిడ చేసే చేపల ఇగురు గుర్తొచ్చింది. ఆకలేసి లేచిపోయాను.

ఆఖరికి మా ఆయన్ని అడిగాను. "ఏవండీ, నన్ను గట్టిగా తిట్టండి. నేను ఏడవాలి."

పాతికేళ్ళుగా అడక్కుండా తిట్టిన మనిషి, అడిగేసరికి బిక్కమొహం వేశాడు. చాలాసేపు గొంతు సవరించుకుని, "కూర బాగునేదు" అన్నాడు. నేను ఎదురుచూస్తున్నాను. ఆయన నా మొహం చూసి కంగారుపడి, "అంటే, మరీ అంత బాగునేకపోలేదు" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ కొంచెం వడ్డించుకున్నాడు.

అప్పుడు చేశాను ఆ తెలివితక్కువ పని. బిళ్ళలు మానేశాను. డాక్టరమ్మనూ అడగలేదు, మా ఆయనకూ చెప్పలేదు. నాకు బాగానే ఉంది కదా, ఏడుపును ఆపుతున్నది ఈ బిళ్ళే కదా, తీసేస్తే మా వంశపు ఏడుపు నాకు తిరిగొస్తుంది కదా అని లెక్క వేసుకున్నాను. నీళ్ళు రాకపోతే ట్యాంకు కింద తూము తీసినట్టు.

ఏడుపుకు ముందు కళ్ళు తిరగడం వచ్చింది. తల ఇటు నుంచి అటు తిప్పితే లోపల చిన్న షాకు కొట్టినట్టు జివ్వుమనేది. పీడకలలు, చిరాకు, వికారం. కొన్నాళ్ళకు ఏడుపు రానే వచ్చింది. ఎంత వచ్చిందంటే, నేను ఆపలేకపోయాను. గ్యాస్ బండ మార్చడానికి వచ్చినాయన ఖాళీ బండను భుజాన వేసుకుని వెళుతుంటే, అది మా ఇంట్లో ఎంత కాలం వెలిగిందో అనిపించి ఏడ్చాను. షేర్ ఆటోలో ఒకావిడ కాస్త సర్దుకుని నాకు చోటిచ్చినందుకు, ఆవిడ భుజం మీద వాలి ఏడ్చాను. పెళ్ళి చీరల కొట్టులో సేల్స్‌మన్ ఒక నెమలికంఠం రంగు చీర విప్పి పరిచి, నాకు నచ్చలేదని మళ్ళీ మడతపెడుతుంటే, పాపం ఆ చీర అనిపించి భోరుమన్నాను. ఆయన హడలిపోయి కూల్ డ్రింకు తెప్పించాడు. పక్కన వదిన వెలిగిపోతూ నా వీపు రాసింది.

"ఇదీ! ఇప్పుడు తల్లిలాగున్నావు. పెళ్ళిదాకా ఇలాగే ఉండు, మానీకు."

నాకూ గర్వంగానే అనిపించింది, రెండు రోజులు. మూడో రోజు నుంచి గర్వం కూడా పోయింది. తల దువ్వుకోలేదు. శుభలేఖలకు పసుపు రాయాల్సింది, రాయలేదు. సాయంత్రం గోడవైపు తిరిగి పడుకున్నాను. అది మామూలు ఏడుపు కాదని, ఎవరి మీదా బెంగతో వస్తున్నది కాదని, ఆ పాత దిగులే తలుపు తోసుకుని లోపలికి వచ్చేసిందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా లేవలేకపోయాను. చాలా భయమేసింది.

గుమ్మంలో మా ఆయన, "టీ ఎట్టనా?" అన్నాడు. ఆయన వెనక నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది.

"నాన్నా, పెళ్ళి వాయిదా ఎయ్యండి. అమ్మ ఇలాగుంటే నేను ఎల్లను."

నేను లేచి కూర్చున్నాను. మండపానికి మాటిచ్చేశాం, వంటవాళ్ళతో మాట్లాడేశాం, యలమంచిలిలో వాళ్ళు ఇంటికి సున్నాలు కూడా వేయిస్తున్నారు. "అదేటే అలాగంటావు? నాకేటయింది? మోకాలి నొప్పి కాస్త ఎక్కువైంది, అంతే" అన్నాను.

అది వచ్చి మంచం మీద కూర్చుంది. "అమ్మా, మోకాలని నాకు సెప్పకు. మొదట్లో ఎడమకాలు కుంటీదానివి. తరవాత కుడికాలు. కొత్త సీర కట్టిన రోజున అస్సలు కుంటీదానివే కాదు." తర్వాత నా చేయి పట్టుకుని మెల్లిగా అడిగింది. "బిళ్ళలు ఎందుకు మానీసావు?"

దానికి అంతా ముందునుంచీ తెలుసు. ఇన్నాళ్ళూ నేను దానికోసం ఇంట్లో కూడా కుంటుతూ తిరిగాను! సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచి లాభం లేదని, "నీ అప్పగింతల్లో ఏడవడానికి" అని చెప్పేశాను. మా అమ్మాయి నోరెళ్ళబెట్టింది. మా ఆయన వెళ్ళి టీ పెట్టాడు. ఆ రోజు ముగ్గురం ఆ చెత్త టీ తాగాం.

మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళారు. డాక్టరమ్మ అంతా విని, నవ్వాలో తిట్టాలో తెలియక కాసేపు పెన్ను మూత తీసి పెట్టింది. తర్వాత తిట్టింది. ఈ మందులు ఉన్నట్టుండి మానేయకూడదని, తల తిరగడం, ఆ షాకు కొట్టినట్టుండటం అందుకేనని, అణిగి ఉన్న జబ్బు కూడా తిరగబెట్టవచ్చని చెప్పింది.

"కొంతమందికి ఈ మందుతో మనసు కాస్త మొద్దుబారినట్టు ఉంటుందమ్మా. ఏడుపూ రాదు, సంతోషమూ పూర్తిగా అందదు. అది నాకు చెప్పాలి. మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. కానీ అది నేను చూసి, నెమ్మదిగా చేయాల్సిన పని. ముందు మీరు నిలదొక్కుకోండి. పెళ్ళయ్యాక చూద్దాం."

"పోనీ, ఆ ఒక్కరోజుకి ఏడుపొచ్చే బిళ్ళ ఏదైనా ఉందా డాక్టరుగారూ?" అని అడిగాను. నేను నిజంగానే అడిగాను. మా ఆయన నా కాలు తొక్కాడు. డాక్టరమ్మ ఈసారి ఆపుకోలేక నవ్వేసింది.

పెళ్ళి వాయిదా పడలేదు. బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టాక కొన్ని వారాలకు తల నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఏడుపు మళ్ళీ వెళ్ళిపోయింది. పెళ్ళి బాగా జరిగింది. పులిహోర బాగా కుదిరింది, వంకాయ కూరలో కారం ఎక్కువైంది. వాటిని గుర్తుపెట్టుకునేంత బాగున్నాను నేను.

పొద్దున్న అప్పగింతలు. పళ్ళెంలో పాలు పోశారు. పెళ్ళికూతురి చేతులు ఆ పాలలో ముంచి, అత్తగారి చేతుల్లో, మామగారి చేతుల్లో, వరసగా ఆ ఇంటివాళ్ళందరి చేతుల్లో పెట్టాలి. సన్నాయి అందుకుంది. మా ఆడవాళ్ళంతా కొంగులు సిద్ధం చేసుకున్నారు. నేను లోపల వెతుక్కున్నాను. బెంగ ఉంది. చాలా ఉంది, ఇప్పుడు చెబుతున్నా గొంతు దగ్గర తెలుస్తోంది. కానీ అది కళ్ళదాకా రాలేదు.

వీడియో ఆయన నా మొహం మీద లైటు కొట్టాడు. "అమ్మగారూ, ఒకసారి కళ్ళు తుడుసుకోండి."

"తడి లేదు బాబూ."

"తుడుసుకోండి సాలు. తడి ఎడిటింగులో ఎట్టేత్తాను."

నేను తుడుచుకోబోతుంటే వదిన వెనక నుంచి వచ్చి జబ్బ మీద చర్మం ఊడేలా గిల్లింది. ఏడుపొస్తుందని ఆవిడ ఆశ. నేను "అబ్బా!" అని గట్టిగా అరిచాను. సన్నాయి ఆగిపోయింది. పురోహితుడు మంత్రం మర్చిపోయాడు. పాలలో చేతులు ముంచుకుని కూర్చున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. దాన్ని చూసి నేనూ నవ్వాను. వదిన తల పట్టుకుంది. అప్పుడు ఒక పెద్ద ఏడుపు వినిపించింది. అందరం తిరిగి చూశాం. మా ఆయన! యలమంచిలి ఏం దూరం అన్న పెద్దమనిషి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, మా అమ్మమ్మ కూడా ఏడవనంతగా ఏడుస్తున్నాడు. వియ్యపురాలు లేచి వచ్చి ఆయనకు మంచినీళ్ళిచ్చి, "అన్నయ్యగారూ, ఆదివారం ఆదివారం పంపిస్తామండీ" అని ఓదార్చింది.

కారు ఎక్కే ముందు మా అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. చేతులింకా పాలతోనే ఉన్నాయి. రెండు చేతులతో నా మొహం పట్టుకుని, బొటనవేళ్ళతో నా కళ్ళ కింద మెల్లిగా తడిమింది. ఆ పాలు నా బుగ్గల మీదుగా కారాయి. వీడియోలో అది దగ్గరనుంచి బ్రహ్మాండంగా పడింది. చూసినవాళ్ళందరూ నేను కన్నీరు మున్నీరుగా ఏడ్చాననే అనుకుంటున్నారు. వదిన ఇంటికి ఎవరొచ్చినా అదే తీసి చూపిస్తుంది. అంతా తన గిల్లుడి వల్లేనని చెబుతుంది. నేను కాదనను.

ఆ చోట వీడియో ఆయన ఒక ఏడుపు పాట పెట్టాడు గనక మా అమ్మాయి అప్పుడు ఏమన్నదో ఎవరికీ వినిపించదు. అది నా కళ్ళలోకి తొంగి చూసి, నా చెవి దగ్గరకు వంగి, "పొడిగానే ఉన్నాయమ్మా. ఇంక నేను నిమ్మళంగా ఎల్తాను" అంది.